రాతిలోయలో బడి – దైవజనుడు ఓబెర్లిన్ గారి జీవితము

మన ప్రాంతపు చాలా ఊళ్లలో సంఘము మొదలైననాడు కట్టినది ఒకే ఒక పాక. ఆదివారమునాడు అది గుడి, తక్కిన రోజుల్లో అదే బడి. పగలు పలకలు పట్టుకొని కూర్చున్న పిల్లలకు అక్షరాలు నేర్పిన పంతులుగారే సాయంత్రం వాళ్ల తల్లిదండ్రులకు ప్రార్థన నేర్పేవారు. నూరు సంవత్సరాల చరిత్రను స్మరించుకొంటున్న ఈ వేళ ఆ పాకను మరువరాదు. తరువాత గుళ్లు రాతితో లేచాయి, బళ్లకు ప్రహరీగోడలు వచ్చాయి. ఇది ప్రభువు చేసిన మేలే. అయితే ఆ గోడ కట్టినప్పుడు ఊరు ఎటువైపు ఉండిపోయిందో ఒకసారి ఆలోచించుకోవాలి.

ఈ ఆలోచన నాకు ఒక పసిపిల్ల వలన కలిగింది. నా మొదటి పాస్టరేటులో, రెండో తరగతి చదివే ఒక పాప గుడి గోడ ప్రక్కన మొలిచిన మొక్కను పీకి తెచ్చి దాని పేరేమిటని అడిగింది. ఏదో పిచ్చిమొక్క అని చెప్పి పంపేశాను. మరునాడు ఆ పాప నాయనమ్మ వచ్చి, అది నేలఉసిరి అయ్యగారూ, పచ్చకామెర్లకు మా పెద్దలు వాడేవారు అని మెల్లగా చెప్పింది. వేదాంత కళాశాలలో గ్రీకు మాటల ధాతువులు వల్లించి వచ్చిన నాకు, నా గుమ్మం ముందు మొలిచిన మొక్క పేరు తెలియలేదు. ఆ రాత్రి నేను సిగ్గుతో తలచుకొన్నది కళాశాల గ్రంథాలయంలో ఎన్నడో చదివిన ఒక పాదిరిగారి జీవితము. ఆయనే జాన్ ఫ్రెడరిక్ ఓబెర్లిన్ గారు.

ఓబెర్లిన్ గారు 1740 ఆగస్టు 31న స్ట్రాస్‌బర్గ్ పట్టణంలో జన్మించారు. అది ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, అల్సాస్ సీమలో ఉన్నది. తండ్రి పాఠశాల ఉపాధ్యాయుడు. ఇంట్లో పిల్లలెక్కువ, రాబడి తక్కువ. అయినా విద్యకు, భక్తికి ఆ ఇంట కొదువ లేదు. ఆయన అన్న జెరెమియా జేమ్స్ ఓబెర్లిన్ తరువాత భాషాశాస్త్రంలోను, పురాతత్వంలోను గొప్ప పండితుడయ్యాడు. తమ్ముడు స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వేదాంతవిద్య చదివాడు. చదువు ముగిశాక ఒక శస్త్రవైద్యుని ఇంట పిల్లలకు చదువు చెప్పే పనిలో కుదిరాడు. అక్కడే కొంత వైద్యము, కొంత వృక్షశాస్త్రము అబ్బినాయి. దేవుడు తన సేవకులకు ముందుగానే ఇచ్చే పనిముట్లు ఇట్లాగే ఉంటాయి. అవి ఎందుకో చేతికి వచ్చిననాడు తెలియదు.

ఇక ఆయన పనిచేసిన స్థలము. స్ట్రాస్‌బర్గ్‌కు నైరుతి దిక్కున వోజ్ పర్వతాలలో బాన్ ద లా రోష్ అనే లోయ ఉన్నది. జర్మను భాషలో దానిని ష్టైన్‌తాల్, అనగా రాతిలోయ అంటారు. పేరుకు తగినట్టే అది రాళ్ల సీమ. ఏడాదిలో చాలా నెలలు చలి, మంచు. పదిహేడవ శతాబ్దంలో ముప్పది సంవత్సరాల యుద్ధము ఆ లోయను పాడుచేసింది. తరువాత మళ్లీ కుదురుకొన్న జనులు బీదవారు. పైలోకానికి పోవడానికి సరైన బాట లేదు. వాళ్లు మాట్లాడే యాస బయటివారికి అర్థం కాదు. వాల్డర్స్‌బాక్, బెల్‌ఫోస్, బెల్మాన్, ఫూదే, సోల్‌బాక్ అనే అయిదు ఊళ్లు కలిసి ఒక పాస్టరేటు. చుట్టూ రోమను కతోలిక రాజ్యమైన ఫ్రాన్సు, మధ్యలో ఈ చిన్న లూథరన్ సంఘము.

ఓబెర్లిన్ గారికి ముందు అక్కడ పనిచేసినవారు స్టూబర్ గారు. ఆయన తొలిసారి వచ్చినప్పుడు జరిగినదిగా ఒక సంగతి చెప్పుకొంటారు. బడి ఎక్కడని అడిగితే ఒక గుడిసె చూపించారట. లోపల పిల్లలు గోలగా ఉన్నారు, మూలన మంచంమీద ఒక ముసలివాడు పడుకొని ఉన్నాడు. పంతులెవరని అడిగితే తానే అన్నాడు. ఏమి నేర్పుతున్నావంటే, తనకేమీ రాదు గనుక ఏమీ నేర్పడం లేదన్నాడు. మరి ఈ పని ఎట్లా వచ్చిందంటే, ఇన్నాళ్లూ ఊరి పందులను కాచానని, వయసు మళ్లి అది చేతకాక పోవడంతో ఊరివారు పిల్లలను కాయమన్నారని చెప్పాడట. నవ్వు పుట్టించే సంగతే గాని ఏడ్వవలసిన సంగతి కూడ. ఆ ఊరి దృష్టిలో బడి అంటే పిల్లలు పొలాల మీద పడకుండా మూసి ఉంచే దొడ్డి మాత్రమే. స్టూబర్ గారు చదువు చెప్పడానికి సులభమైన పద్ధతి ఏర్పరచి, ఊరి యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసి, పుస్తకాలు ఎరువిచ్చే చిన్న గ్రంథాలయము పెట్టారు.

స్టూబర్ గారు స్ట్రాస్‌బర్గ్‌కు తిరిగి పోవలసి వచ్చినప్పుడు తన స్థానానికి తగిన మనిషిని వెదకసాగారు. ఒక మేడమీది చిన్న గదిలో ఓబెర్లిన్ కనబడ్డాడు. మంచానికి కాగితపు తెరలు. దీపం మీద ఒక చిన్న గిన్నె వేలాడుతున్నది, రొట్టెముక్క, నీళ్లు, ఉప్పు వేస్తే అదే రాత్రి భోజనం. ఇంత తక్కువతో బ్రతుకగలవాడే తన లోయకు కావాలని స్టూబర్ గారికి తోచింది. ఓబెర్లిన్ అప్పటికి సైన్యంలో చాప్లిన్‌గా పోవాలని తలచుకొని ఉన్నాడు. ఆ తలంపు మానుకొని 1767లో, ఇరువదియారేళ్ల వయసులో, వాల్డర్స్‌బాక్ చేరాడు. చివరి శ్వాస వరకు, అనగా 59 సంవత్సరాలు, ఆ లోయను విడువలేదు.

మొదట జనులు ఆయనను ప్రేమించలేదు. క్రొత్త పద్ధతులు నచ్చక కొందరు ఆయనను పట్టి కొట్టాలని పన్నాగం పన్నారు. ఆ సంగతి తెలిసి ఆయన ఆ ఆదివారం ఓర్పును గురించి ప్రసంగించి, ఆరాధన అయ్యాక తానే ఆ మనుష్యులు కూడి ఉన్న ఇంటికి నడిచి వెళ్లి నిలబడ్డారు. మీరు చేయదలచినది చేయండని తనను తాను అప్పగించుకొన్నారు. వాళ్లు తలలు వంచుకొన్నారు. ఆనాటి నుండి వారిలో చాలామంది ఆయనకు కుడిభుజమయ్యారు.

తరువాత దారి విషయము వచ్చింది. లోయనుండి స్ట్రాస్‌బర్గ్ పోయే పెద్ద రస్తాను చేరుకోవాలంటే బండలు పగులగొట్టాలి, బ్రూష్ నది ఒడ్డున గోడ కట్టాలి, నదిమీద వంతెన వెయ్యాలి. సంఘ సభలో ఆయన ఈ మాట ఎత్తితే అది మనవల్ల కాదని అందరూ అన్నారు. పాదిరిగారు మారు మాట్లాడక గునపం భుజాన వేసుకొని బయలుదేరారు. ఆయనను చూచి కొందరు, వారిని చూచి మరికొందరు కదిలారు. దారి పడింది. వంతెనకు ప్రేమ వంతెన అని పేరు పెట్టారు. ఇది బడికి సంబంధించిన సంగతి కాదని మనకు తోచవచ్చు. కాని ఓబెర్లిన్ గారి దృష్టిలో పొలము, బాట, వంతెన, బడి, గుడి వేరువేరు పనులు కావు. బడిలో నేర్చినవాడికి ఊరు దాటే బాట ఉండాలి. ఊరు బాగుపడనిదే బడి నిలువదు.

బడి భవనమునకు కూడ ఇటువంటి అడ్డే వచ్చింది. ఉన్న గుడిసె పడిపోయేటట్లున్నా, క్రొత్తది కడితే మరమ్మతుల ఖర్చు తమ నెత్తిన పడుతుందని ఊరివారు భయపడ్డారు. ఆ భారము సంఘముమీద పడనీయనని ఆయన వ్రాసి ఇచ్చి, స్ట్రాస్‌బర్గ్ స్నేహితుల సహాయం కొంత, తన స్వల్ప జీతంలో నుండి కొంత వేసి కట్టించారు. అది చూచిన తరువాత తక్కిన ఊళ్లు తమ బళ్లను తామే కట్టుకోవడానికి ముందుకు వచ్చాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. తల్లిదండ్రులు పొలానికి పోతే చంటిపిల్లలు వీధుల్లో, రాళ్లమధ్య దిక్కులేక తిరిగేవారు. బడిలో చేరే ఈడు వచ్చేలోగానే బూతులు, దెబ్బలాటలు నేర్చేవారు. బెల్మాన్ గ్రామంలో సారా బాంజె అనే రైతు పడుచు ఇరుగుపొరుగు పిల్లలను తన ఇంట పొయ్యి దగ్గర చేర్చుకొని అల్లికపని నేర్పుతున్నట్లు ఓబెర్లిన్ గారికి తెలిసింది. తన మనసులోని కోరికకు దేవుడే ఒక ఉపాధ్యాయురాలిని చూపించాడని ఆయన సంతోషించారు. ఆమె తండ్రి మొదట ఒప్పుకోలేదు. పరుల పిల్లలతో ప్రొద్దు పుచ్చడం ఆయనకు వృథాగా తోచింది. పాదిరిగారు ఆమెకు జీతం ఏర్పరచి ఆయనను ఒప్పించారు. 1770 నాటికి ఈ పసిపిల్లల బడులు నడుస్తున్నాయి. ప్రజలు వాటిని అల్లిక గదులు అని పిలిచారు. ఊరి స్త్రీలే అందులో ఉపాధ్యాయురాళ్లు. సారా బాంజె 1774లో, ముప్పది ఏళ్లయినా నిండకముందే ప్రభువును చేరింది. ఆమె వేసిన విత్తనం మాత్రం చావలేదు. జర్మనీలో ఫ్రోబెల్ గారు కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టింది 1840లో. అంతకు డెబ్బది ఏళ్లకు ముందే ఈ కొండ ఊళ్లలో మూడు నాలుగేళ్ల పిల్లలకు బడి ఉన్నదని గుర్తుంచుకోవాలి.

ఆ బడిలో ఏమి నేర్పేవారు? చలికాలంలో గదిలో అల్లిక, కుట్టు, పాటలు, బైబిలు కథలు, జంతువుల బొమ్మలు. ఏ వస్తువునైనా ముందు ఇంటి యాసలో పేరు చెప్పించి, తరువాత ఫ్రెంచిలో చెప్పించేవారు. ఇంటి మాటను ఎగతాళి చేసి బడి మాట నేర్పడం కాదు, ఒకదాని చేయి పట్టుకొని రెండవదానిని నడిపించడం. మంచు కరిగిందంటే గది వదిలి కొండకు పోయేవారు. దారిలో మొక్కలు ఏరడం, వాటి పేర్లు చెప్పడం, ఏది తినదగినది, ఏది మందుకు పనికివచ్చేది, ఏది విషమో తెలుసుకోవడం పిల్లలకు ఆట. ఏరిన ఆకులను, పూలను ఆరబెట్టి కాగితాలకు అంటించేవారు. భూగోళము కూడ దూరదేశాలతో మొదలుపెట్టలేదు. తమ ఇల్లు, తమ ఊరు, తమ లోయ, ఆ తరువాత ఫ్రాన్సు, ఆ తరువాత లోకము. ఓబెర్లిన్ గారు పటాలు తన చేతులతోనే తయారుచేసేవారు. ఆయన బోధనాపరికరాలు, ఎండు మొక్కల సంచయాలు, పటాలు వాల్డర్స్‌బాక్‌లోని ఆయన పేరిటి మ్యూజియంలో భద్రపరచబడినవి.

పెద్దవారికి ఆయన నేర్పిన తీరు కూడ బహు చమత్కారమైనది. పండ్లచెట్లు పెంచండని ఎన్నిమార్లు చెప్పినా జనులు వినలేదు. ఆయన ఇంటి తోటలు జనులు నడిచే కాలిబాట ప్రక్కన ఉన్నాయి. అక్కడ లోతుగా కందకాలు త్రవ్వి, ఎరువు నింపి, చెట్లు నాటారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏడాదికేడాది చెట్లు ఎదుగుతుంటే ఆ దారిన పోయేవారు ఆగి చూడసాగారు. రాతినేలలో ఇవి ఎట్లా బ్రతికాయని ఒకరోజు వారే వచ్చి అడిగారు. అప్పుడు పాదిరిగారు నోరు విప్పారు. తరువాత నర్సరీ పెట్టి మొక్కలు పంచారు. క్షీణించిపోయిన బంగాళాదుంపకు బదులు క్రొత్త విత్తనము తెప్పించారు. రైతుల సంఘము, చేబదులు నిధి ఏర్పరచారు. ఊరిలో చురుకైన కుర్రవాళ్లను వడ్రంగం, తాపీపని, కమ్మరం నేర్చుకోవడానికి పట్టణానికి పంపి, నేర్చినవారిని తిరిగి లోయకే రప్పించారు.

కన్ఫర్మేషన్ పొందగోరే ప్రతి బాలుడు, బాలిక రెండు చెట్లు నాటినట్లు తల్లిదండ్రులచేత వ్రాయించి తేవాలని ఆయన నియమము పెట్టారు. ప్రభువు బల్లలో పాలుపొందేవారు తమ తరువాత ఆ దారిన నడిచేవారికి నీడ ఇవ్వాలని ఆయన ఉద్దేశం. మన కన్ఫర్మేషన్ తరగతుల్లో పిల్లలచేత విశ్వాస ప్రమాణము వల్లె వేయిస్తున్నాము. అది మంచిదే. ఆ ప్రమాణంలో సృష్టికర్తయైన తండ్రిని నమ్ముచున్నామని చెప్పించి, ఆయన సృష్టిలో ఒక మొక్కనైనా వారిచేత పెంచనిస్తున్నామా?

ఈ చదువుకు పరీక్ష వచ్చిన రోజులు ఉన్నాయి. 1815లో ఇండొనీషియా దీవులలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళి ఆకాశాన్ని క్రమ్మగా, మరుసటి ఏడు యూరపులో వేసవియే రాలేదు. 1816, 1817 సంవత్సరాలలో పంటలు పోయి కరవు వచ్చింది. రాతిలోయను కూడ ఆ కరవు విడువలేదు. అప్పుడు పిల్లలుగా కొండమీద ఆడుతూ నేర్చుకొన్న ఆకుకూరల పేర్లు పెద్దవాళ్లకు అక్కరకు వచ్చాయి. ఏ ఆకు వండుకోవచ్చో, ఏది కూడదో తెలిసిన జనులు వారు. బడి నేర్పిన పాఠము కుండలోకి వచ్చింది.

ఓబెర్లిన్ గారి ఇంటి సంగతి చెప్పక తప్పదు. 1768లో ఆయన సలోమీ విట్టర్ అనే యువతిని వివాహమాడారు. వారికి తొమ్మిదిమంది పిల్లలు. ఆమె పరిచర్యలో భర్తకు సమానంగా శ్రమించింది. పెండ్లయిన సుమారు పదిహేనేళ్లకు హఠాత్తుగా మరణించింది. అప్పుడు ఆ ఇంటిని, ఆ బడులను మోసినది లూయీస్ షెప్లెర్. బెల్‌ఫోస్‌కు చెందిన ఈ బీద పిల్ల పదిహేను పదహారేళ్ల వయసులో పనిమనిషిగా పాదిరిగారి ఇంట చేరింది. తల్లిలేని పిల్లలకు తల్లియై, మంచులో, వానలో ఊరూరు తిరిగి పసిపిల్లల బడులను నడిపించింది. కొంతకాలానికి తనకు జీతం వద్దని, కూతురుగా చూచుకొంటే చాలునని అడిగింది. ఓబెర్లిన్ గారు తమ అంత్యకాలపు ఉత్తరంలో ఆమెను సహోదరిగా ఎంచవలెనని పిల్లలకు వ్రాసి ఉంచారు. వారు ఆస్తిలో భాగం ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. ఓబెర్లిన్ అనే పేరు తన పేరుతో చేర్చుకోనిస్తే చాలునన్నది. 1829లో ఫ్రెంచి అకాడమీ వారు సుగుణమునకు ఇచ్చే మోంతియోన్ బహుమానంగా ఆమెకు అయిదువేల ఫ్రాంకులు ఇచ్చారు. ఆ సొమ్మును కూడ ఆమె తనకు ఉంచుకోక బీదలకు, పిల్లలకు వినియోగించింది. 1837లో ప్రభువునందు నిద్రించింది. మన సంఘాలలో పేరు వ్రాయబడని బైబిలు స్త్రీలను, పంతులమ్మలను తలచుకొన్నప్పుడెల్లా నాకు ఈమె జ్ఞాపకం వస్తుంది.

ఫ్రెంచి విప్లవకాలంలో గుళ్లు మూయించారు. ఓబెర్లిన్ గారు పాదిరి అనే బిరుదు విడిచి, పౌరుల సభ అనే పేరుతో సంఘాన్ని కూడబెట్టి వాక్యము చెప్పారు. 1794 జూలైలో ఆయనను నిర్బంధించారు గాని, రోబెస్పియర్ పతనము కావడంతో వెంటనే విడిచిపెట్టారు. విచిత్రమేమంటే, అదే సంవత్సరంలో విప్లవ ప్రభుత్వపు సభ ఫ్రెంచి భాషను లోయలో వ్యాపింపజేసినందుకు స్టూబర్ గారిని, ఆయనను ప్రశంసించింది. రాజులు తిరిగి వచ్చాక 1818లో వ్యవసాయ సంఘమువారు బంగారు పతకము, 1819లో రాజు లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. 1813 ప్రాంతంలో లెగ్రాన్ అనే భక్తుడు తన పట్టు రిబ్బన్ల పరిశ్రమను ఫూదేకు తెచ్చి, మగ్గాలను ఇండ్లలోనే పెట్టించాడు. తల్లిదండ్రులు పిల్లలను విడిచి దూరం పోకుండ పని దొరికింది.

ఆయన దోషము లేనివాడని చెప్పను. చనిపోయిన భార్య తనకు అగుపించుచున్నదని ఆయన చాలా కాలము నమ్మారు. పరలోకానికి సైతం పటాలు గీశారు. ముఖ లక్షణాలను బట్టి మనుషుల గుణాలు చెప్పే శాస్త్రమును కూడ నమ్మారు. ఇవి మన సంఘబోధకు సరిపడవు. దేవుడు పగుళ్లున్న మట్టికుండలలోనే తన ధనమును ఉంచుతాడు.

1826 జూన్ 1న, ఎనుబదియయిదేళ్ల వయసులో ఓబెర్లిన్ గారు ప్రభువుని సన్నిధికి వెళ్లారు. లోయలోని జనమంతా నాన్న అని పిలిచిన ఆయన దేహమును ఫూదే గ్రామపు శ్మశానవాటికలో సమాధి చేశారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 1833లో స్థాపించిన కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

ప్రియ సంఘస్థులారా, ఈ జీవితము మనలను ఏమి అడుగుతున్నది? మన బళ్లలో కొన్ని మూతబడినవి, కొన్ని పిల్లలు లేక బోసిపోతున్నవి. కారణాలు అనేకం ఉండవచ్చు. ఓబెర్లిన్ గారికి మాత్రము ధనముగాని, పట్టణముగాని, చదువుకొన్న జనముగాని లేవు. ఉన్నవి రాళ్లు, మంచు, ఒక రైతు పడుచు, ఒక పనిపిల్ల. బడి కావలసినదంతా ఊరిలోనే ఉన్నదని ఆయన నమ్మాడు. మన ఊరిలో ఏముంది? చెరువుగట్టు ఉంది, చింతచెట్టు ఉంది, నేలఉసిరి పేరు తెలిసిన నాయనమ్మ ఉంది. కుమ్మరి ఉన్నాడు, మేకలు కాచే తాత ఉన్నాడు. వాళ్లలో ఎవరినైనా మన బడి గడపలోనికి పిలిచామా?

ఆ పాప అడిగిన ప్రశ్నకు నేను ఆలస్యంగానైనా జవాబు వెదికాను. తరువాతి ఏటి సెలవుల బైబిలు పాఠశాలలో ఒక పూట పిల్లలను గోడ బయటికి తీసుకొని వెళ్లాము. ముందు నడిచింది నేను కాదు, ఆ నాయనమ్మ. నలుబది మొక్కల పేర్లు చెప్పింది. నేను కూడ పిల్లల వెనుక నడుస్తూ వ్రాసుకొన్నాను. ఆమె చదువురాని మనిషి. ఆనాడు మాత్రము మా అందరికీ ఆమే పంతులమ్మ.

నూరేండ్ల క్రిందట మన పెద్దలు వేసిన పాకకు గోడ లేదు, అందుచేత ఊరంతా అందులోనికి రాగలిగింది. రెండవ శతాబ్దములో అడుగుపెడుతున్న మనకు ఆ తెరచిన గుమ్మమును తిరిగి తెరిచే మనసును ప్రభువు దయచేయును గాక.